తాడు దాటిన చెప్పులు

బెలి బ్రెగ్ సంత
జార్జి పండగ వెళ్ళిన వారం, మే నెల

పెర్సిదా అక్కకి,

మూడు రోజులు విడవకుండా వాన. ఇవాళ పొద్దున తెరిపిచ్చింది. నేల ఇంకా మెత్తగానే ఉంది, అయినా ఆగలేదు. కింద పలకలు పరిచి, రాట్నం నడిమి స్తంభం నిలబెట్టి, నాలుగు వైపులా మోకులు బిగించేసరికి మధ్యాహ్నమైంది. తర్వాత గొలుసులు తగిలించి కుర్చీలు వేలాడదీశాం. అమ్మ బండి పక్కన మొక్కజొన్న సంకటి కలుపుతూ, నాన్నయితే ఈపాటికి రెండు తిప్పులు తిప్పేసేవాడని సణిగింది. నీ మరదలు సావెతాకి ఐదో నెల. బరువులు ఎత్తొద్దని చెప్పి టిక్కెట్ల గూట్లో కూర్చోబెట్టాను.

ఈ ఏడు ఏ సంతకెళ్ళినా ఫెరెన్స్ కొత్త రాట్నం మన ఎదురుగానే దిగుతోంది. చెక్క గుర్రాలు, అద్దాలు, పాట పాడే పెట్టె. ఏప్రిల్లో మన కుర్చీలు గాలికే ఊగాయి. ఇప్పుడు కథ తిరగబడింది. కుర్రాళ్ళంతా మన దగ్గరే. జివోయిన్ రాట్నం ఎక్కితే చర్చి గోపురంలో పావురాల గుడ్లు కనిపిస్తాయని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. నిన్న ఫెరెన్స్ వచ్చి, "ఏరా, మీ నాన్న ముసలి రాట్నానికి ఏం మేపుతున్నావు?" అన్నాడు.

"నీ గుర్రాల గడ్డే" అన్నాను.

ఒక్కటే తంటా. ఎక్కినవాళ్ళ చెప్పులు జారి జనంలో పడుతున్నాయి. చిన్నప్పుడు మనం ఏరి తెచ్చి ఇచ్చేవాళ్ళం, గుర్తుందా? అందుకని నాన్న కట్టే చోట కాకుండా చుట్టూ తాడు నాలుగడుగులు బయటికి జరిపి కట్టాను. అది పోయి కుండల పాంతా కొట్టుకి తగిలింది. ఆయన ముప్పై ఏళ్ళుగా ఏ సంతలోనైనా మన పక్కనే, అదే వైపు, అంతే దూరంలో దిగుతాడు కదా.

"జరుగు మావా" అన్నాను.

"మీ నాన్నే నన్ను జరగమనలేదు. నువ్వే నీ రాట్నాన్ని జరుపుకో."

"నెత్తిన చెప్పు పడితే నా పూచీ లేదు."

"జత పడితే చెప్పు. వేసుకుంటాను" అన్నాడు ముసలాడు.

రెండు గొలుసుల్లో లంకెలు కొంచెం పాడయ్యాయి. బండి మిషాతో పంపుతున్నాను. బావని తొందరగా అతికి పంపమను. అమ్మ అడిగానని చెప్పమంది.

నీ తమ్ముడు
జివోయిన్


స్తారి సలాష్
జూన్ మొదటివారం

తమ్ముడూ,

ఇక్కడా వానలే. మిరప నారు నాటడం నిన్నటితో అయింది. కొలిమి ముందు కొడవళ్ళ కోసం రైతులు బారులు తీరారు. మీ బావకి అన్నం తినడానికి కూడా తీరిక లేదు. నిన్న దాగలి మీదే సంకటి గిన్నె పెట్టుకుని తిన్నాడు.

గొలుసులు చూశాడు. ఒక్కో లంకెనీ వెలుతురుకి పట్టి చూసి పక్కన పెట్టేశాడు. "ఇన్నేళ్ళుగా మీ నాన్న గొలుసులు బాగు చేస్తున్నాను. లంకెలు అరిగి వచ్చేవి. సాగి రావడం ఇదే మొదలు. ఇంజను దగ్గర మీవాడు ఏమన్నా మార్చాడేమో అడుగు" అన్నాడు. మార్చి ఉంటే అతుకులు పనికిరావట. అన్ని గొలుసులూ లావు కమ్మీతో కొత్తగా కొట్టాలట. కమ్మీ ఉంది. పీటర్ పండగ వెళ్ళాక మొదలుపెడతానన్నాడు. అప్పటిదాకా నెమ్మదిగా తిప్పుకోమన్నాడు.

ఆయన అలా అంటుంటే నాకు నాన్న ఇటుక గుర్తొచ్చింది. దారానికి ఇటుక కట్టి తల చుట్టూ తిప్పాడు, దారం తట్టుకుంది. ఇంకాస్త జోరు పెంచాడు, తెగింది. అది నాన్న దగ్గర్నుంచి బయటికి, నీ మీదికే ఎగిరి వస్తుందని నువ్వు తల చేతుల్లో దాచుకున్నావు. అది నీ వైపు రానేలేదు. తను పోతున్న దారినే తిన్నగా పోయి అమ్మ ఊరగాయ జాడీకి తగిలింది. అమ్మ రెండు రోజులు నాన్నకి వేడి అన్నం పెట్టలేదు. "ఇటుకని బయటికి ఎవడూ లాగట్లేదు. దారమే దాన్ని లోపలికి పట్టి ఉంచుతోంది. జోరు రెండింతలైతే దారం మీద భారం నాలుగింతలు. చూడాల్సింది దారాన్నిరా" అని ఆ చద్దన్నం తింటూనే పాఠం చెప్పాడు.

చెప్పులు జనంలో పడుతున్నాయని రాశావు. మనం ఏరిన రోజుల్లో ఒక్కటి కూడా తాడు దాటలేదు. చెప్పు ఎంత దూరం పడుతుందో చూసి, దాని మీద ఒక అడుగు వదిలి తాడు కట్టేవాడు నాన్న. ఇప్పుడెందుకు దాటుతున్నాయి?

సావెతాని ఎండలో కూర్చోనివ్వకు.

పెర్సిదా


విష్న్యెవో
జూన్ నెల

అక్కా,

చెప్పులు ఎందుకు దాటుతాయి? ఈ కాలం కుర్రాళ్ళు వదులుగా వేసుకుంటారు. ఫ్యాషనట. దానికి నన్నేం చెయ్యమంటావు, ఒక్కొక్కడి కాలికీ పురికొస కట్టనా?

ఇంజను దగ్గర నేనేమీ మార్చలేదు. నాన్న పెట్టిన పుల్లీయే, నాన్న వాడిన బెల్టే. బావకి ఈ మాట చదివి వినిపించు. గొలుసులు పాతవి, సాగవా మరి? అమ్మ నడుం సాగలేదా? ఆ రెండూ అతికి పంపితే చాలు. పీటర్ పండగకి క్రివా బారాలో పెద్ద సంత. రెండు కుర్చీలు లేకుండా దిగితే ఫెరెన్స్ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? పోయిన ఆదివారం వాడు సాయంత్రానికే గుర్రాల మీద దుప్పట్లు కప్పేశాడు. అక్కా, నాకు పెళ్ళయినప్పటి నుంచి అంత నవ్వు రాలేదు.

లావు గొలుసులు చలికాలంలో చూద్దాం.

జివోయిన్


స్తారి సలాష్
జూన్ ఆఖరు

తమ్ముడూ,

గొలుసులు మిషాతో పంపాను. మూటలో బిడ్డకి రెండు జతల ఉన్ని మేజోళ్ళు కూడా ఉన్నాయి.

నువ్వేమీ మార్చలేదన్నావని మీ బావకి చెప్పాను. మళ్ళీ అడిగాడు. అప్పుడు ఉత్తరం తెచ్చి ఆ ముక్క చదివాను. "సరే. మీ నాన్న జోరుకైతే ఈ అతుకులు నన్ను దాటి బతుకుతాయి" అని తిత్తి ఊదడం మొదలుపెట్టాడు. లావు కమ్మీ గోడకి ఆనించి పెట్టాడు. చలికాలానికే కదా.

పెర్సిదా


క్రివా బారా
జులై నెల

అక్కా,

ఈ ఉత్తరం కన్నా ముందే కబురు చేరి ఉంటుంది. అయినా రాస్తున్నాను.

పీటర్ పండగ సాయంత్రం. ఆఖరి తిప్పు పెళ్ళి కుదిరిన జంటలది, నీకు తెలుసు. ఇక్కడి రైతు కొడుకు రాడివోయ్, లావుపాటి మనిషి, వెనక కుర్చీలో ఉన్నాడు. అతనికి కుదిరిన పిల్ల నేవెంకా ముందు కుర్చీలో. అందరు కుర్రాళ్ళూ చేసేదే అతనూ చేశాడు. ముందు కుర్చీని పట్టుకుని దగ్గరికి లాగి, బలమంతా పెట్టి ముందుకి విసిరాడు. ఆ పిల్ల అరుస్తూ నవ్వుతూ పోయింది. అప్పుడు అతని గొలుసు తెగింది. పాంతా కుండల మధ్య పడ్డాడు. పాంతాకి ఏమీ కాలేదు. రాడివోయ్ మర్నాడు ఆసుపత్రిలో పోయాడు. ఆ పిల్లని దింపడానికి రాట్నం ఆగేదాకా ఆగాల్సొచ్చింది. కింద పడి ఉన్న అతని ముందు నుంచే ఇంకా ఎన్నో చుట్లు తిరిగింది.

నేను ఇంజను వైపు తిరిగి ఉన్నాను. ఏమీ చూడలేదు.

పోలీసులు తెగిన లంకె తీసుకెళ్ళారు. అది అతికిన లంకే. ఎవరు అతికారని అడిగారు. అడిగితే చెప్పక తప్పదు కదా. జోరు ఎంతని కూడా అడిగారు. ఎప్పుడూ ఉండేదే అన్నాను. మనిషి లావు గనక అతని కుర్చీ అందరికన్నా బయటికి, పైకి పోయిందని, దాంతో గొలుసు తట్టుకోలేదని ఇక్కడ అందరూ అంటున్నారు. పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు కూడా తల ఊపాడు.

బావని ఏమైనా అడిగితే కంగారు పడొద్దని చెప్పు. అమ్మ అన్నం ముట్టడం లేదు.

జివోయిన్


స్తారి సలాష్
జులై ఆఖరు

జివోయిన్‌కి,

మీ బావ గ్లిషాని పోలీసులు తీసుకెళ్ళారు. ఆ సమయానికి ఒక గుర్రానికి లాడాలు కొడుతున్నాడు. మూడు కాళ్ళకి అయింది. నాలుగోది కొట్టి వస్తానంటే వాళ్ళు ఒప్పుకోలేదు. ఆసామి మూడు లాడాల గుర్రాన్ని కుంటించుకుంటూ తోలుకుపోయాడు. కొలిమిలో నిప్పు నేనే ఆర్పాను.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ఇక నేను చెప్పేది చదువు.

లావు సంగతి. నాన్న ఒకసారి పూజారి దానీలో గారినీ, దర్జీ బక్క కూతురినీ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి తిప్పాడు. ఊరంతా పందేలు కాసింది. రెండు గొలుసులూ ఒకే వాలులో నిలబడ్డాయి. పూజారి దిగుతూ, "దేవుడి ముందే అనుకున్నాను, గొలుసు ముందు కూడా అందరం సమానమేనన్నమాట" అన్నాడు. నువ్వు నా పక్కనే ఉన్నావు. ఎగిరే ఎత్తు మనిషి లావుని బట్టి రాదు, జోరుని బట్టి వస్తుంది. రాడివోయ్ కుర్చీ అంత పైకి పోయిందంటే అన్ని కుర్చీలూ అంత పైకి పోయాయి. ఆ ఇంజనీరుకి తెలియకపోవచ్చు. నీకు తెలుసు.

పాంతా సంగతి. నాన్న జోరుకి చెప్పు కూడా తాడు దాటలేదు. మనిషి తాడు దాటి కుండల దాకా ఎలా పోయాడు?

నువ్వు చూడలేదన్నావు. తెగినది బయటికి ఎగరదు, తిన్నగా పోతుంది. పాంతా కొట్టు దగ్గర నిలబడి, రాట్నం తిరిగే గుండ్రం అంచుకి మాత్రమే తగిలేలా ఒక గీత గియ్యి. అది తగిలే చోటు ఇంజను మీట ముందు. అంటే నీ ముందు. రాడివోయ్ నీ మొహం ముందు నుంచే పోయాడు.

పుల్లీ మార్చావు. కొంచెం పెద్దది పెడితే జోరు పెరిగినా గొలుసుని కొంచెమే ఎక్కువ లాగుతుందనుకున్నావు. చెప్పులు తాడు దాటినప్పుడు జోరు మించిందని అవి నీకు చెప్పాయి. నువ్వు జోరు తగ్గించలేదు, తాడు జరిపావు.

గ్లిషా ఆ మాట రెండుసార్లు అడిగాడు.

పెర్సిదా


స్తారి సలాష్
సెప్టెంబరు నెల

జివోయిన్‌కి,

నువ్వు ఆగస్టులో రాసిన పెద్ద ఉత్తరం అందింది. బదులు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. మొక్కజొన్న కోతలు ఒక్కదాన్నే చేశాను.

ఒప్పుకున్నావు. ఏప్రిల్లో పెద్ద పుల్లీ బిగించానని, పోలీసులు వచ్చేలోపు పాతది మళ్ళీ పెట్టి పెద్దదాన్ని తీసా నదిలో వేశానని రాశావు. రాడివోయ్‌ని చూశానని, అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడని రాశావు. అది రాయకుండా ఉండాల్సింది. ఇప్పుడు నాకూ కనిపిస్తున్నాడు. నువ్వు తాడు జరిపిన రోజే అమ్మకి అర్థమైందని కూడా రాశావు. అమ్మకి నా తరఫున ఏమీ చెప్పకు.

"తెగింది బావ అతికిన లంకేగా, అది అబద్ధమా?" అని అడిగావు. కాదు. అబద్ధం నీ జూన్ ఉత్తరంలో ఉంది.

పోయిన వారం జైలుకెళ్ళి గ్లిషాకి అంతా చెప్పాను. చాలాసేపు చేతులు చూసుకున్నాడు. అక్కడ పని లేక చేతుల మీద మసి పోయింది, ఎవరి చేతుల్లాగో ఉన్నాయి. "లావు కమ్మీ గోడకే ఉంది కదా. ఒక్క ముక్క రాసి ఉంటే కొడవళ్ళు పక్కన పెట్టి కొట్టేవాణ్ణి" అన్నాడు. నిన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

విచారణ అక్టోబరు చివరి సోమవారం. వచ్చి, పుల్లీ మార్చానని నీ నోటితో చెప్పు. నాకు ఇంకేమీ వద్దు. నీకు శిక్ష పడుతుంది. తక్కువే పడుతుందని నీకు మాయమాటలు చెప్పను. సావెతా, బిడ్డ, అమ్మ నా దగ్గర ఉండొచ్చు. గదికి సున్నం వేయించాను.

పెర్సిదా


నోవా ఛర్దా
అక్టోబరు మొదటివారం

అక్కా,

కొడుకు పుట్టాడు. నాన్న పేరే పెట్టాం. సావెతా బాగానే ఉంది. నువ్వు అల్లిన మేజోళ్ళు వాడికి ఇంకా పెద్దవి.

రాట్నం విప్పేశాను. ఈ ఏడు ఇంక తిప్పను. ఆ సోమవారం పొద్దున మొదటి రైలుకి దిగుతాను. చెప్పాల్సింది చెబుతాను. నాన్న సమాధి మీద ఒట్టు. బావకి ఈ మాట ముందుగా చెప్పు, మనసు కుదుటపడుతుంది.

నువ్వొక్కటి చెయ్యాలి. నా ఆగస్టు ఉత్తరం కాల్చెయ్యి. అందులో నదిలో వేసిన సంగతి ఉంది. అది కోర్టులో చదివితే దాచినందుకు వేరే ఏళ్ళు వేస్తారు. మిగతాదంతా నేనే నోటితో చెబుతాను, కాగితం వేరే ఎందుకు? నీ తమ్ముడు తనంతట తాను వచ్చి చెప్పాడని ఉండనీ. నన్ను ఎవరో మెడపట్టి లాక్కొచ్చినట్టు ఉండొద్దు. ఇంతకన్నా ఏమీ అడగను.

జివోయిన్


స్తారి సలాష్
నవంబరు నెల

జివోయిన్‌కి,

ఈ ఉత్తరం ఆస్ట్రియాలో సావెతా వాళ్ళన్న చిరునామాకి పంపుతున్నాను. అమ్మ ఇచ్చింది. అక్కడ వాతావరణం ఎలా ఉందో నాకు తెలియదు. ఇక్కడ మొదటి మంచు పడింది. ఇవాళ కంకులు ఒలిచి అటక మీదికి చేర్చాను. కొలిమిలో కోళ్ళు పడుకుంటున్నాయి.

నువ్వు వస్తానన్న ఉత్తరం అందిన రోజే ఆగస్టు ఉత్తరాన్ని పొయ్యిలో వేశాను. మర్నాడు జైలుకెళ్ళి గ్లిషాకి నువ్వు వస్తున్నావని చెప్పాను. ఆయన ఆ వారం గడ్డం గీసుకున్నాడు.

సోమవారం నేను స్టేషనుకి వెళ్ళాను. మొదటి రైలుకి ఇద్దరు సైనికులు, ఒక మేకల ఆసామి దిగారు. రెండో రైలు కూడా చూసి కోర్టుకి పోయాను. నీ పేరు నడవలో మూడుసార్లు పిలిచారు. గ్లిషా మూడుసార్లూ తలుపు వైపు తిరిగాడు.

నన్ను మాట్లాడమన్నారు. చెప్పుల సంగతి, తాడు సంగతి, పూజారి సంగతి చెప్పాను. పాంతా కూడా లేచి, "అవునయ్యా, తాడు నా కొట్టు మీదికి జరిపాడు. నాతో పోట్లాడాడు" అన్నాడు. జడ్జి మంచివాడిలాగే ఉన్నాడు. "చెప్పులు ఏ సంతలోనైనా పడతాయమ్మా" అన్నాడు. నీ మే నెల ఉత్తరం ఇచ్చాను. అందులో పుల్లీ మాట లేదు. జూన్ ఉత్తరంలో ఉంది, మార్చలేదని. అది పైకి చదివించాడు. వస్తానన్న ఉత్తరం కూడా ఇచ్చాను. "చెప్పాల్సింది చెబుతానన్నాడు. ఏం చెబుతాడో, నదిలో ఏం వేశాడో ఇందులో లేదు" అన్నాడు. పుల్లీ మాట ఆగస్టు ఉత్తరంలో ఉండేదని, నువ్వు కాల్చమంటే నేనే కాల్చానని చెప్పాను. వెనక ఎవరో నవ్వారు.

గ్లిషాని ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు. "లంకె నాదే" అన్నాడు. మూడేళ్ళు వేశారు.

బయట మెట్ల మీద రాడివోయ్ తల్లి నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. "ఒక్క మాట చెప్పు. నా కొడుకు లావు వల్లే తెగిందని అందరూ అంటున్నారు. నేనే ఎక్కువ పెట్టి పెంచానా?" అని అడిగింది.

"కాదమ్మా. ఆ జోరుకి ఎవరు కూర్చున్నా కుర్చీ అంతే ఎగురుతుంది" అన్నాను.

"మరి ఆ మాట లోపల ఎవరూ చెప్పలేదేం?" అంది. పూజారి సంగతి చెప్పినప్పుడు నేను చెప్పింది అదే. ఆమెకి వినిపించలేదో, విన్నా తెలియలేదో.

స్తంభం, కుర్చీలు ఫెరెన్స్ కొనుక్కున్నాడట. గొలుసులు మాత్రం వద్దన్నాడని అమ్మ చెప్పింది. వాటిని బండి మీద వేసుకుని ఆమె మొన్న నా ఇంటికి వచ్చింది. సున్నం వేయించిన గదిలో ఉంటోంది. మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోం. బిడ్డ మేజోళ్ళ మూట కూడా తెచ్చింది, పెద్దవయ్యాయని సావెతా వదిలేసిందట. గొలుసులు లావు కమ్మీ పక్కన పెట్టాను.

నీకు మళ్ళీ రాయను. నువ్వూ రాయకు.

నువ్వూ, సావెతా, బిడ్డా విచారణకి ముందు శనివారం తెల్లవారకముందే వెళ్ళిపోయారని అమ్మ చెప్పింది. గ్లిషాని గురువారం మధ్యాహ్నం రైల్లో పెద్ద జైలుకి తీసుకెళ్ళారు.